వార్తల్లో పదం: డ్యూ ప్రాసెస్

ఎంత ఘోరమైన నేరారోపణ ఉన్నా సరే, లాయర్‌ను పెట్టుకోవడానికి, కేసు కాగితాలు చదువుకోవడానికి, సాక్షులను ప్రశ్నించడానికి తగిన వ్యవధి ఇచ్చాకే శిక్ష వేయాలన్నది డ్యూ ప్రాసెస్. మన రాజ్యాంగంలో ఈ మాట లేదు. 21వ అధికరణం ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ అని ఊరుకుంది. చట్టముంటే చాలని 1950లో ఎ.కె.గోపాలన్ వర్సెస్ మద్రాసు రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పద్ధతి న్యాయంగానూ ఉండాలని 1978లో మేనకా గాంధీ కేసులో చెప్పింది.

చెన్నై ముగలివాక్కంలో 2017లో జరిగిన ఏడేళ్ల పాప హత్య కేసు చూడండి. నిందితుడికి లాయర్ లేకుండానే అభియోగాలు ఖరారయ్యాయి. డిసెంబరు 13న న్యాయసహాయం కింద ఒకరిని ఇచ్చారు. నాలుగు రోజులకే సాక్ష్యాల నమోదు మొదలు! రెండు నెలలు తిరక్కుండా 30 మంది సాక్షుల విచారణ అయిపోయింది. 2018 ఫిబ్రవరి 19న దోషి అన్నారు, ఆ రోజే ఉరిశిక్ష వేశారు. హైకోర్టూ సమర్థించింది.

త్వరగా తేల్చాలన్న ఆత్రం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ తొందరకు సీసీటీవీ దృశ్యాలను రుజువు చేయకపోవడం వంటి దర్యాప్తు లోపాలూ తోడయ్యాయి. 2025 అక్టోబరు 8న సుప్రీంకోర్టు అతణ్ని నిర్దోషిగా విడుదల చేసింది. ఆ పాపను చంపిందెవరో కోర్టులో రుజువు కాకుండానే మిగిలింది.