బండి బీమా, ఇంటి బీమా: దేనికి వర్తించును?

మన గ్రామములలో నేడు మోటారు సైకిలు లేని వీధి లేదు. బీమా ఉన్నదా యని అడిగినచో ఉన్నదని యజమాని వెంటనే చెప్పును. ఆ బీమా ఎవరికి రక్షణ ఇచ్చునో చెప్పగలవారు మాత్రము మిక్కిలి తక్కువ.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ననుసరించి బీమా లేని వాహనమును రహదారిపై నడుపరాదు. మొదటిసారి పట్టుబడినవారికి 3 నెలల వరకు ఖైదు గాని, 2,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. అయితే చట్టము నిర్బంధము చేసిన ఈ బీమా బండి కొరకు ఏర్పడినది కాదు. ఆ బండి తగిలి గాయపడిన బాటసారికిని, మరణించినవాని కుటుంబమునకును పరిహారము ముట్టవలెనని ఏర్పడినది. ఒప్పందములో యజమాని ఒక పక్షము, కంపెనీ రెండవ పక్షము. బయటివాడు మూడవవాడు గనుక దీనిని థర్డ్ పార్టీ బీమా అందురు. సొంత బండి విరిగినను, దొంగల పాలైనను దీనివలన ఒక్క పైసయు రాదు. అందులకు వేరుగ ప్రీమియము చెల్లించి సొంత నష్టపు బీమా చేయింపవలెను.

ఇచ్చట ఒక చిక్కు కలదు. 2018 సెప్టెంబరు 1వ తేదీ మొదలు క్రొత్త మోటారు సైకిలునకు 5 ఏండ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసికొనవలసి యున్నది. సొంత నష్టపు బీమా తరచుగా ఒక యేడాదికే ఉండును. కాగితముపై 5 ఏండ్లని చూచి నిశ్చింతగ నున్నవారు రెండవ యేట బండి పోయినప్పుడు కంపెనీ చుట్టు తిరిగి వట్టిచేతులతో రావలసి వచ్చుచున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు చెట్లు కూలి వాహనములు నలిగినవి. అట్టి నష్టమును తీర్చునది ఈ రెండవ బీమాయే.

ఇంతకన్న పెద్ద ప్రమాదము ట్రాక్టరు ట్రాలీలో నున్నది. పెండ్లివారిని, జాతరకు పోవువారిని ట్రాలీ నిండ ఎక్కించుట మనకు అలవాటు. ట్రాలీ సరకుల కొరకు గదా! సరకుల వాహనములో ఊరక ప్రయాణించువారికి చట్టబద్ధమైన బీమా వర్తించదని సుప్రీంకోర్టు 2002లోనే తీర్పు చెప్పినది. ట్రాలీ బోల్తాపడి పదిమంది గాయపడినచో పరిహారము యజమాని ఇచ్చుకొనవలెను. ఒక్కొక్కప్పుడు న్యాయస్థానము ముందుగా కంపెనీచే ఇప్పించి, తరువాత ఆ సొమ్మును యజమానినుండి రాబట్టుకొనుమనుటయు కలదు. ఎట్లైనను అమ్ముడుపోవునది ఆ రైతు పొలమే. కేవలము థర్డ్ పార్టీ పాలసీ గల మోటారు సైకిలుపై వెనుక కూర్చున్నవానికిని రక్షణ లేదు. ప్యాకేజి పాలసీలో కలదు.

మీసము మొలవని కుమారునకు తాళము చెవి ఇచ్చు తండ్రులు మరియొక సంగతి గమనింపవలెను. లైసెన్సు లేనివాడు నడిపినప్పుడు కంపెనీ తాను చెల్లించిన సొమ్మును యజమానినుండి వసూలు చేయవచ్చును. పాత బండి కొన్నవారు 14 దినములలో పాలసీని తమ పేరిట మార్పించుకొనుటకు దరఖాస్తు చేయవలెను.

ఇక ఇంటి సంగతి. 2021 ఏప్రిల్ 1 నుండి సాధారణ బీమా కంపెనీలు "భారత్ గృహ రక్ష" అను ఒకే విధమైన పాలసీని ఇచ్చుచున్నవి. అగ్ని, పిడుగు, తుపాను, వరద, భూకంపము వలన కలుగు నష్టములు ఇందులో చేరును. స్థలము విలువకు బీమా ఉండదు. ఇల్లు తిరిగి కట్టుటకగు ఖర్చునకే ఉండును. 800 చదరపు అడుగుల ఇంటికి అడుగునకు 1,500 రూపాయలు పట్టునట్లైన 12 లక్షలకు బీమా చేయింపవలెను. భవనమునకు బీమా చేసినచో ఆ మొత్తములో 20 శాతము, 10 లక్షలకు మించకుండ, ఇంటి సామానులకు దానంతటదే వర్తించును. బీరువాలోని రొక్కమునకు వర్తించదు. నగలకు వేరుగ చేయించుకొనవలెను. పాతబడి తనంతట తాను ఒరిగిన గోడకు పరిహారము రాదు.

నష్టము జరిగిన వెంటనే కంపెనీకి తెలియజేసి, సర్వేయరు వచ్చి చూచువరకు శిథిలములను తొలగింపక ఫోటోలు తీయించుట మేలు. దొంగతనమైనచో పోలీసులకు ఫిర్యాదు చేసి ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసికొనవలెను. కంపెనీ అన్యాయముగ నిరాకరించినచో మొదట కంపెనీకే వ్రాతమూలకముగ ఫిర్యాదు చేసి, నెల దినములలో తగిన జవాబు రానప్పుడు హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. ఇందులకు రుసుము లేదు, వకీలుతో పని లేదు.