పాలు మానితే మిగిలేదెంత?

ఖరగ్‌పూర్: మాంసం, గుడ్లతోపాటు పాలు, పెరుగు, నెయ్యి సైతం వర్జించే ‘వీగన్’ ఆహారం సంపన్నుల వేడుక అన్న అభిప్రాయం సర్వత్రా ఉంది. బాదం పాలు, సోయా పన్నీరు ధరలు చూసినవారికి అలా తోచడం సహజమే. అయితే తూకం వేసి అమ్మే పప్పులు, చోళ్లు, వేరుసెనగ గుళ్లతో లెక్క కడితే ఫలితం వేరుగా తేలుతుంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుల కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి తరలివచ్చిన కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఊరు ఖరగ్‌పూర్. తెలుగుకు అధికార భాషా హోదా కల్పించాలని 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించడానికి ఇక్కడి తెలుగువారి సంఖ్యాబలమే ముఖ్య కారణం. కందిపప్పు, చోడి అంబలి వారు వెంట తెచ్చుకున్న భోజనం. మసూర్ పప్పు, బఠాణీలతో వండే ఘుగ్ని, మూరి అనే మరమరాలు ఇక్కడి నేల ఇచ్చినవి. వీటిలో దేనికీ పాలతో పనిలేదు.

ఖర్చు ఎక్కడ?

2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణాల్లో తలసరి నెలసరి ఖర్చు 6,996 రూపాయలు. అందులో ఆహారానికి దాదాపు 40 శాతం పోతోంది. పాలు, పాల ఉత్పత్తుల వాటా మొత్తం ఖర్చులో 7 శాతానికి పైగా ఉంది. అంటే మనిషికి నెలకు సుమారు 500 రూపాయలు. పప్పుల వాటా 2 శాతం లోపే ఉండటం గమనార్హం.

ఐఐటీకి చేరువలోని పూరీ గేట్‌లో కాపురముండే నలుగురి కుటుంబానికి ఈ సగటును అన్వయిస్తే, పాల పద్దు నెలకు 2,000 రూపాయలు. ఇదంతా మిగులేనని భావిస్తే పొరపాటే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచించిన రోజువారీ భోజనంలో 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పులు, 35 గ్రాముల గింజలతోపాటు 300 మిల్లీలీటర్ల పాలు ఉన్నాయి. ఆ పాలు తీసివేస్తే సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, 350 మిల్లీగ్రాముల కాల్షియం తగ్గుతాయి. మొదటి లోటును 20 గ్రాముల మీల్‌మేకర్, రెండోదాన్ని 100 గ్రాముల చోళ్లు పూరించగలవు. చోళ్లను నానబెట్టి మొలకెత్తిస్తే కాల్షియం మరింతగా ఒంటపడుతుంది. చోళ్లు చేర్చినమేరకు బియ్యం తగ్గించుకోవచ్చు.

నలుగురికి నెలకు ఇది 2 కిలోల 400 గ్రాముల మీల్‌మేకర్, 12 కిలోల చోళ్లు అవుతుంది. గోల్ బజారులో ఆనాటి ధరతో గుణించి పాల పద్దులోంచి తీసివేస్తే అసలు మిగులు తెలుస్తుంది. ఆ మొత్తాన్ని ప్యాకెట్ పాలకు మళ్లిస్తే మాత్రం మిగులు మాట దేవుడెరుగు, ఎదురు పెట్టుబడి తప్పదు.

పప్పుల ఒడుదొడుకులు

పాల ధర సాధారణంగా మెల్లగా పెరిగేదే గాని తగ్గడం అరుదు. పప్పుల సంగతి వేరు. 2015లో కిలో కందిపప్పు 200 రూపాయలను తాకి సామాన్యుణ్ణి బెంబేలెత్తించింది. మయన్మార్, తూర్పు ఆఫ్రికా దేశాల దిగుమతులపై మనం ఆధారపడటం ఇందుకొక కారణం. 2023 డిసెంబర్‌లో పసుపు బఠాణీలపై సుంకం ఎత్తివేయడంతో కెనడా, రష్యాల నుంచి సరకు వెల్లువెత్తింది. కంది చుక్కలనంటినప్పుడు మసూర్‌కో, బఠాణీకో మారగలిగిన ఇంటికి ఈ ఆటుపోట్లు అంతగా తగలవు. రెండు వంటల రుచి ఎరిగిన ఖరగ్‌పూర్ తెలుగువారికి ఈ వెసులుబాటు ఇదివరకే ఉంది.

బియ్యం విషయంలో పేదలకు కొంత ఊరట లభించింది. ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం 2023 జనవరి నుంచి ఉచితంగా అందుతోంది. కాబట్టి పొదుపు చేసినా, లోపం చేసినా పప్పు దగ్గరే.

కోత పెట్టరానిది

ఒక్క పద్దులో మాత్రం పొదుపు తగదు. విటమిన్ బి12 మొక్కల ఆహారంలో నమ్మదగినంతగా దొరకదు. పాలు సైతం మానినవారు దానిని మాత్రల రూపంలోనో, ఆ విటమిన్ చేర్చిన ఆహారంలోనో తీసుకోక తప్పదు. లోపిస్తే రక్తహీనత, నరాల బలహీనత సంభవిస్తాయి. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లల విషయంలో వైద్యుని సలహా లేనిదే పాలు మాన్పించరాదు.

పాలకు పెట్టే సొమ్ములో కొంత పప్పుకు, చోళ్లకు, మాత్రలకు తిరిగి కేటాయించినప్పుడే ఈ ఆహారం నిజమైన పొదుపు అవుతుంది. లేనిపక్షంలో సరకుల చీటీలో తగ్గిన ఖర్చు మందుల చీటీలో తేలుతుంది.