హీలియము తెచ్చు భూగర్భ వార్తలు

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. దానిని పరిశీలించుటకై ఫ్రాన్సునుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చెను. మద్రాసు నక్షత్రశాలకు చెందిన పోగ్సన్ బందరు చేరెను. సూర్యుని అంచున లేచు జ్వాలల వర్ణపటమును ఆ దినమున పలువురు చూచిరి. అందలి ఒక పసుపు రేఖ భూమిపై ఎరిగిన ఏ మూలకమునకును చెందదని ఇంగ్లాండులో లాకియర్ తలపోయగా, సూర్యుని గ్రీకు పేరునుబట్టి ఆ మూలకమునకు హీలియమను పేరు వచ్చినది. 1895లో రామ్సే ఆ వాయువునే యురేనియము గల ఒక ఖనిజమునుండి వెలికిదీసెను. ఆకాశమున కనిపించినది రాతిలో దొరకుట వింతయే. నేడు అగ్నిపర్వతముల మూలములను శోధించువారికి ఆ వాయువే ముఖ్యసాక్షి.

సాక్షి ఎందులకు? మనము నిలిచిన భూపటలము ఖండముల క్రింద సుమారు 30, 40 కిలోమీటర్ల మందము. దాని దిగువ 2,900 కిలోమీటర్ల లోతువరకు ఉన్న శిలామండలము ప్రావారము. మానవుడు త్రవ్విన మిక్కిలి లోతైన రంధ్రము, రష్యాలోని కోలాలోనిది, 12 కిలోమీటర్లను కొంచెము మించి ఆగిపోయినది. మనము పోలేనిచోటికి, అక్కడినుండి వచ్చువారినే వార్త అడుగవలెను.

హీలియము రెండు తెగలు. హీలియము-4 యురేనియము, థోరియము క్షీణించుటవలన రాళ్లలో నేటికిని పుట్టుచున్నది. హీలియము-3 అట్లు కాదు. అది చాలవరకు 450 కోట్ల సంవత్సరముల క్రిందట భూమి పుట్టినప్పుడు లోపల చిక్కినది. గాలిలో ఒక హీలియము-3 పరమాణువునకు సుమారు ఏడు లక్షల హీలియము-4 పరమాణువులుండును. సముద్రగర్భమున ప్రావారము కరగి పైకివచ్చు పర్వతశ్రేణులలో హీలియము-3 పాలు గాలిలోకన్న ఎనిమిది రెట్లు. హవాయి ద్వీపముల ప్రాంతమున ముప్పది రెట్లు దాటిన లావాలు కలవు. ప్రావారములో ఎక్కడనో, బహుశః మిక్కిలి అడుగున, పుట్టుకనాటి వాయువును పోగొట్టుకొనని భాగమున్నదని పెక్కుమంది తలంపు. అది ఎక్కడ అనుటలో వాదము తెగలేదు.

ఇక మన నాగార్జునసాగరము సంగతి. జలాశయమునకు చేరువనే లంబాపూరు, పెద్దగట్టు గ్రామములకడ, పాత గ్రానైటును పైనున్న అవక్షేపశిలలు కలియుచోట యురేనియము కలదు. అట్టి నేలలో పుట్టునది హీలియము-4. కనుక ఇట్టిచోట బావినీటిలో హీలియము మెండుగా కనిపించినను, క్రింద అగ్నిపర్వతమున్నదని బెదరనక్కరలేదు. చూడవలసినది పరిమాణము కాదు, పాళ్లు. అయితే ఈ నేలకు ప్రావారముతో చుట్టరికమే లేదనరాదు. నల్లగొండ జిల్లా రామడుగు పరిసరములలో లాంప్రాయిట్ అను శిలలు గ్రానైటును చీల్చుకొని వచ్చినవి. అవి ప్రావారమునుండి, నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు మున్నగువానితో కూడి పైకెగసిన శిలాద్రవము గడ్డకట్టినవి. ఆ వేడి ఏనాడో చల్లారినది.

చల్లారని పర్వతములకడ వాయువుల లెక్క ప్రాణముల లెక్క. ఫిలిప్పీన్సులోని పినటూబో పర్వతమునుండి 1991 మే 13న సల్ఫర్ డయాక్సైడు దినమునకు 500 టన్నులు వెలువడుచుండెను. మే 28 నాటికి 5,000 టన్నులాయెను. ఆ తరువాత ఒక్కమారుగా తగ్గెను. ఎరుగనివారు దానిని శుభమనుకొందురు. శాస్త్రజ్ఞులు మాత్రము, దారి మూసికొని లోపల ఒత్తిడి పెరుగుచున్నదేమోయని శంకించిరి. భూకంపముల లెక్కలను జోడించి హెచ్చరికలు జారీచేయగా వేలకొలది జనులు తరలింపబడిరి. జూన్ 15న పర్వతము బ్రద్దలాయెను. వందలమంది మరణించిరి, హెచ్చరిక లేకున్నచో వేలమంది పోయెడివారు.

ఈ వాయువులను పట్టుట చులకన పని కాదు. హీలియము గాజులోనుండి సైతము మెల్లగా జారిపోవును. అందుచేత ఊటనీటిని రాగి గొట్టములో నింపి, రెండు కొనలను గట్టిగా నొక్కి మూసి, ప్రయోగశాలకు పంపుదురు.