పిల్లితో ఏడో ఇంటికి

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. పెళ్ళయిన పదహారేళ్ళలో మావారి బదిలీల పుణ్యమా అని నేనూ ఆరిళ్ళు తిరిగాను. గిన్నెలు గోనెసంచుల్లో, గాజుసామాను చీరల మడతల్లో, తులసికుండీ ఒళ్ళో పెట్టుకుని బయల్దేరడం చేతికి అలవాటైపోయింది. ఏడో ఇల్లు మహబూబ్‌నగర్‌లో అని తెలిసినప్పుడు మాత్రం సామాన్ల జాబితాలో ఎక్కడ రాయాలో తెలియని ఒక ప్రాణి మా ఇంట్లో ఉంది. దాని పేరు మలీద.

నాలుగేళ్ళ క్రితం నల్గొండలో సద్దుల బతుకమ్మ రాత్రి మేం ఇంటికి తిరిగొచ్చేసరికి, గుమ్మం పక్కన చెప్పుల మధ్య అరచేతంత పిల్లికూన వణుకుతూ కనబడింది. మా అమ్మాయి చేతిలో సగం తిన్న మలీద ముద్ద ఉంది. రొట్టె, బెల్లం కలిపి నలిపిన ఆ రంగే కూన ఒంటిదీ. అక్కడికక్కడే నామకరణం అయిపోయింది.

గత జూన్‌లో బదిలీ ఉత్తర్వు రాగానే అందరూ ఇచ్చిన సలహా ఒక్కటే. పిల్లిని వదిలేసి వెళ్ళండి!

"కుక్క మనిషిని నమ్ముకుంటది, పిల్లి ఇంటిని నమ్ముకుంటది వదినా. మీరు పోతె వచ్చెటోళ్ళకు అలవాటైతది" అంది పక్కింటామె. సంచిలో వేసి కూరగాయల మార్కెట్ దగ్గర వదిలేసి వస్తానన్నాడు పాలాయన. మావారు "నువ్వే ఆలోచించు" అన్నారు. ఆ మాటకు మా ఇంట్లో వద్దనే అర్థం.

మా అత్తమ్మ అయితే తేల్చి చెప్పేసింది. "పిల్లి ఎదురొస్తెనే ఆగి, నీళ్ళు తాగి పోతం. గసొంటిది బండిల కూసోవెట్టుకొని కొత్తింటికి పోతరా ఎవలన్న?"

అమ్మాయి మాత్రం ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "ఈ ఇంట్లోకి వచ్చేవాళ్ళు కుక్కను తెచ్చుకుంటే?"

నా దగ్గర జవాబు లేదు. 

ఇంటిదా, మనదా?

పిల్లి ఇంటినే నమ్ముకుంటుందన్న మాటలో నిజమెంత? టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు పశువుల డాక్టరుగారిని అడిగాను. సగం నిజమన్నారు. పిల్లి తన బుగ్గలను తలుపులకీ, మంచం కోళ్ళకీ, మన కాళ్ళకీ రుద్దుతుంది కదా. ఆ బుగ్గల్లోని గ్రంథుల నుంచి వచ్చే వాసనతో అది తన చోటికి గుర్తులు పెట్టుకుంటుంది. మన ముక్కుకు అందని ఆ వాసనే దానికి ధైర్యం. కొత్తింట్లో ఏ గోడకూ ఆ వాసన ఉండదు కాబట్టి బెదిరిపోతుంది. అంతేగాని మనుషులంటే లెక్కలేక కాదు.

2012 చివర్లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక పిల్లి విహారయాత్రలో యజమానుల నుంచి తప్పిపోయింది. రెండు నెలల తర్వాత దాదాపు 300 కిలోమీటర్లు దాటి, పాదాలు పుండ్లు పడి, సొంతూరు చేరింది. అందుకే కొత్తచోట పిల్లిని వెంటనే బయటికి వదిలితే పాత ఇంటికోసం బయల్దేరినా బయల్దేరుతుంది. దారి తెలియక మధ్యలోనే పోయే పిల్లుల సంగతి ఏ పేపర్లోనూ రాదు.

అసలు పిల్లిని వెంటేసుకుని ఊరు మారడం ఈనాటిది కాదు. మధ్యధరా సముద్రంలో సైప్రస్ అనే ద్వీపం ఉంది. అక్కడ సుమారు 9,500 ఏళ్ళనాటి సమాధిలో ఒక మనిషి పక్కనే పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం దొరికిందని 2004లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ ద్వీపంలో సహజంగా పిల్లులు లేవు. అంటే కొత్తచోటికి కాపురం వెళ్తూ ఎవరో పడవలో తీసుకెళ్ళారన్నమాట. ఆ ఇంట్లో కూడా వద్దన్న అత్తగారు ఉండే ఉంటుందని నవ్వుకున్నాను.

2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు మన తణుకు ప్రాంతపు డాక్టరు ఒకాయన, తాను పెంచుకుంటున్న జాగ్వార్‌నీ, నల్ల చిరుతనీ వదిలి రాలేక బాంబుల మధ్యే కొన్నాళ్ళు ఉండిపోయారు. పత్రికలన్నీ రాశాయి. అంత పెద్ద పిల్లుల కోసం ఆయన అంత చేస్తే, మూడు కిలోల మలీదను 160 కిలోమీటర్లు తీసుకెళ్ళలేమా?

రెండు క్రేట్లు, ఒక పాత చీర

పిల్లిబుట్టలు పట్నంలో దొరుకుతాయి గాని నేను కూరగాయలవాళ్ళ దగ్గర ప్లాస్టిక్ క్రేట్లు రెండు తెచ్చాను. ఒకదాని మీద ఇంకొకటి బోర్లించి వైరుతో కడితే గాలి ఆడే గట్టి పెట్టె తయారైంది. ప్రయాణానికి పది రోజుల ముందే దాన్ని వంటింటి మూలన పెట్టి, ఒకవైపు తెరిచి, అందులోనే అన్నం పెట్టడం మొదలెట్టాను. మూడోనాటికి మలీద అందులోనే కునుకు తీసింది. లోపల నా పాత నేత చీర పరిచాను. ఉతకలేదు. ఉతికితే వాసన పోతుంది కదా!

డాక్టరుగారు రేబిస్ టీకా నమోదు చూసి, ప్రయాణానికి ఆరోగ్యంగా ఉందని ధ్రువపత్రం రాసిచ్చారు. 1978 నాటి జంతువుల రవాణా నిబంధనల్లో కుక్కలకూ పిల్లులకూ ఇది ఉండాలని ఉంది. బెదురు తగ్గడానికి ఇంట్లో ఉన్న మాత్ర ఏదైనా వేయొచ్చా అని అడిగితే చేతులెత్తి దణ్ణం పెట్టారు. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు, పిల్లి ప్రాణం తీస్తుందట. ఈ ఒక్క మాట తెలియని ఇళ్ళు ఎన్నో. దయచేసి గుర్తుపెట్టుకోండి.

బయల్దేరే ముందురోజు రాత్రే తిండి పెట్టేశాను. కడుపు నిండా ఉంటే దారిలో వాంతి చేసుకుంటుంది. సామాన్ల డీసీఎం ముందు వెళ్ళిపోయింది. ఎండకు ముందే దాటాలని తెల్లవారుజామున 5 గంటలకు మేం అద్దెకారులో బయల్దేరాం. డ్రైవరు క్రేట్ల వంక చూసి, "కోళ్ళా అమ్మా?" అన్నాడు. లోపల్నుంచి మలీదే జవాబిచ్చింది.

కొండమల్లేపల్లి దాకా ఆపకుండా అరిచింది. అది విని అమ్మాయి ఏడ్చింది. ఆ తర్వాత ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది. అరిచినప్పటికంటే ఆ మౌనానికే నాకు ఎక్కువ భయం వేసింది. కుక్కలా నోరు తెరిచి రొప్పుతోందేమో చూడమన్నారు డాక్టరుగారు. పిల్లి అలా రొప్పితే ఉక్కకో భయానికో తట్టుకోలేకపోతోందని గుర్తు. లేదు, నా చీర మడతలో ముఖం దాచుకుని ముడుచుకుంది. క్రేటు మీద పల్చటి గుడ్డ కప్పాను. చీకటిగా ఉంటే పిల్లికి నెమ్మదిగా ఉంటుంది.

దేవరకొండ దగ్గర క్రేటు తడిసింది. అద్దాలన్నీ ఎత్తి, తలుపులు మూసుకున్నాకే కాగితాలు మార్చాం.

డిండి దగ్గర అత్తమ్మ చెప్పింది

డిండిలో టీ కోసం ఆగాం. అమ్మాయి జాలిపడి, "ఒక్క నిమిషం బయటికి తీస్తా" అని వైరు మీద చెయ్యి వేసింది. అంతదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్న అత్తమ్మ గట్టిగా, "తెర్వకు బిడ్డా! దుంకిందంటే మల్ల దొరకది" అంది. పొద్దుట్నుంచి మలీద గురించి ఆమె నోరు విప్పడం అదే మొదలు.

మళ్ళీ బయల్దేరాక, కాసేపటికి తనే చెప్పడం మొదలెట్టింది. అత్తమ్మ పుట్టినిల్లు కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డున. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళకింద కర్నూలు, పాలమూరు జిల్లాల్లో వంద దాకా ఊళ్ళు మునిగాయి. వాటిలో ఆ ఊరూ ఒకటి. 1981లో ఊరు ఖాళీ చేసేనాటికి మావారు ఆమె కడుపులో ఉన్నారు.

"ఎడ్లబండ్ల మీద అన్ని ఏసుకున్నం. తలుపులు, దూలాలు, ఆఖరికి దర్వాజ చెక్కలు సుత ఊడవీకినం. మా పిల్లి గోడ మీద కూసుంది. పిలిస్తె రాలె. 'అది ఇంటిది, మనది కాదు తీ' అనె మా నాయిన. బండి కదిలింది. ఊరి బయటిదాక ఎనక్కి చూస్కుంట పోయిన. గోడ మీదనే ఉంది." కాసేపు ఆగి అంది. "ఆ ఇల్లే నీళ్ళలకు పాయె. ఇంక అది ఏ ఇంటిదమ్మా?"

కారులో ఎవరం మాట్లాడలేదు. మావారు కూడా ఈ సంగతి వినడం అదే మొదటిసారి.

"సంగమేశ్వరుని గుడి రాళ్ళకు నంబర్లేసి అలంపురం తీస్కవోయిండ్రు. పిల్లికెవలు ఏస్తరు నంబరు?" అంది అత్తమ్మ. ఆమె చెప్పింది నిజమే. మునిగే చోటున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్‌లో తిరిగి నిలబెట్టారు. మేం ఎప్పుడో చూసి, ఫొటోలు దిగి వచ్చాం. అత్తమ్మ ఎందుకు ఆ రోజు గుడి బయటే కూర్చుండిపోయిందో ఇప్పుడర్థమైంది.

అయితే ఆమె వద్దన్నది అపశకునమనేనా? లేక మళ్ళీ ఒక పిల్లి దక్కకుండా పోతుందన్న భయమా? అడగలేదు. కల్వకుర్తి దాటి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరేదాకా ఆమె చెయ్యి క్రేటు మీదే ఉంది.

పదో రోజు

ఇల్లుగలవారికి ఫోనులోనే పిల్లి సంగతి చెప్పి ఒప్పించాం. చెప్పకుండా వెళ్ళి ఇబ్బంది పడకండి. పాలు పొంగించాక మలీదను వెనకగదిలో పెట్టి తలుపేశాం. డాక్టరుగారి సలహా ప్రకారం మొదట ఒక్క గదే. పాత టబ్బులో ఇసుక, ఒక గిన్నెలో నీళ్ళు, అదే చీర, అదే క్రేటు. అది తనంతట తాను బయటికి వచ్చేదాకా లాగకూడదు. మూడు నాలుగు వారాలు గడప దాటనీయకూడదు.

రెండు రోజులు మంచం కిందనుంచి రాలేదు. మూడోరోజు అన్నం తింది. వారానికి తలుపుకు బుగ్గ రుద్దింది. హమ్మయ్య అనుకున్నాను. పదోరోజు గ్యాసు బండ వచ్చింది. నేను పుస్తకం కోసం లోపలికి వెళ్ళిన అర నిమిషంలో, తెరిచిన తలుపుల్లోంచి మలీద వెళ్ళిపోయింది.

ఆ తప్పు నాదే. అమ్మాయి నాతో మాట్లాడలేదు. మావారు స్కూటరు మీద బస్టాండు దాకా వెతికారు. తర్వాత తెలిసింది, అంత దూరం అక్కర్లేదని. తప్పిపోయి దొరికిన పిల్లుల్లో నూటికి 75 అర కిలోమీటరు లోపలే దొరికాయని 2018లో వచ్చిన ఒక పరిశోధన చెబుతోంది. బెదిరిన పిల్లి పరుగెత్తదు, దగ్గర్లోనే నక్కి చప్పుడు చేయకుండా ఉంటుంది. మెట్ల కింద, మోటారు గుంతల్లో, పాత సామాన్ల వెనక, రాత్రి చప్పుళ్ళు ఆగాక వెతకాలి.

ఆ రెండు రాత్రులూ అత్తమ్మ పడుకోలేదు. నా పాత చీర గడప మీద పరిచి, తలుపు ఓరగా తీసి, కుర్చీ వేసుకుని కూర్చుంది. రెండో రాత్రి 2 గంటలప్పుడు ఆమె గొంతు వినబడి లేచాను. టార్చి పట్టుకుని పక్కింటి మెట్లకింద, సిమెంటు సంచుల ముందు వంగి కూర్చుంది. "మలీదా... రా బిడ్డా. ఇగో, ఇల్లు ఇక్కడనే ఉంది. మేం పోలే."

నాలుగేళ్ళలో ఆమె దాన్ని పేరు పెట్టి పిలవడం అదే తొలిసారి. ఇన్నాళ్ళూ "ఆ పిల్లి" అనేది. సంచుల వెనకనుంచి ముందు చిన్న అరుపు వచ్చింది. తర్వాత దుమ్ము కొట్టుకుపోయిన మలీద వచ్చి ఆమె చీర కుచ్చెళ్ళకు బుగ్గ రుద్దింది.

మనకో గది

బదిలీల కాపురాలు చేసే మనలో ఎవరికైనా కొత్తచోట "రెండ్రోజుల్లో అలవాటైపోతుందిలే" అన్నమాట తప్ప మరో మందు ఎవరైనా రాసిచ్చారా? వెళ్ళిన మర్నాటికల్లా నీళ్ళ వేళలు, పాలవాడు, బడి, ఇరుగుపొరుగు, అన్నీ మనకే తెలిసిపోవాలి. ఆరిళ్ళలోనూ నేను మొదటివారం స్నానాలగదిలో ఏడ్చినదాన్నే. చేతకానితనం అనుకునేదాన్ని. పిల్లికి మాత్రం డాక్టరుగారు ఒక గది, పాత వాసన ఉన్న బట్ట, మూడు వారాల వ్యవధి రాసిచ్చారు.

ఈసారి నేనూ ఆ మందే వేసుకున్నాను. వెనకగదిలో మలీద పక్కనే నా రాతబల్ల వేసుకున్నాను. పుస్తకాల పెట్టె అన్నిటికంటే ముందు విప్పాను. సగం సామాను మూటల్లోనే ఉన్నా రోజూ ఓ గంట అక్కడ కూర్చున్నాను. అడిగినవాళ్ళకు పిల్లికి తోడని చెప్పాను. ఈ నాలుగు మాటలూ ఆ బల్ల మీదే రాశాను.

బదిలీ మళ్ళీ వస్తుంది, రాకుండా ఉండదు. మొన్న అటక సర్దుతూ ఆ క్రేట్లు రెండూ పాతసామాన్లవాడికి వేసేద్దామా అని మావారు అంటే, కిందనుంచి అత్తమ్మ కేక వేసింది.

"ఉండనీయిరి. అవి మలీదవి."