రెండో గడియారం

బాలలారా! పాత అలారం గడియారం చేతికి చిక్కితే చాలు, లోపల ఏముందో చూడాలని విప్పేసేవాళ్ళు మీలో ఒకరిద్దరైనా ఉంటారు. విప్పడం తేలికే. తిరిగి బిగించేసరికి రెండు స్క్రూలు మిగిలిపోతాయి, గడియారం నడవదు, ఇంట్లో చివాట్లు తప్పవు! కాని ఆ సరదానే బతుకుతెరువుగా మార్చుకుని పేరు తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. అటువంటి ఇద్దరి సంగతి చెబుతాను, వినండి.

ముందుగా, కీ ఇచ్చే గడియారం ఎలా నడుస్తుందో తెలుసుకుందాం. మనం కీ తిప్పితే లోపలి ఉక్కు స్ప్రింగు బిగుసుకుంటుంది. అది విచ్చుకోబోతూ పళ్ళచక్రాలను తిప్పుతుంది. అడ్డేమీ లేకపోతే ముళ్ళు గిర్రున తిరిగి, క్షణాలలో గడియారం ఆగిపోతుంది. అందుకని ఒక చిన్న మీట చివరి చక్రం పళ్ళను ఒక్కొక్కటే పట్టి వదులుతూ ఉంటుంది. మనకు వినిపించే “టిక్ టిక్” ఆ చప్పుడే. పాత చేతి గడియారాలు చాలావరకు సెకనుకు 5 సార్లు టిక్కుమంటాయి. అంటే రోజుకు 4,32,000 సార్లు! అన్నిసార్లూ మీట కొన పళ్ళకు రాచుకుంటుంది కనుక అక్కడ కాస్త నూనె వెయ్యాలి. ఆ నూనె చిక్కబడితే గడియారం కాలం తప్పుతుంది.

ఈ చిక్కు తీర్చినవాడు జార్జి డానియల్స్. 1926లో ఇంగ్లండులో, 11 మంది సంతానం గల పేద కుటుంబంలో పుట్టాడు. 14 ఏళ్ళకే బడి మాని పరుపుల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. తరువాత సైన్యంలో చేరి, అక్కడ తోటి సిపాయిల గడియారాలు బాగుచేస్తూ చెయ్యి తిప్పుకున్నాడు. 1947లో సైన్యం నుంచి బయటికి వస్తూనే, చేతికందిన 50 పౌన్లతో పనిముట్లు కొన్నాడు. పగలు మరమ్మతు పని, రాత్రి గడియార విద్య.

మరమ్మతు చెయ్యడం వేరు, తయారు చెయ్యడం వేరు. పూర్వం ఒక్క గడియారానికి ఎందరో పనివాళ్ళు కావలసి వచ్చేవారు. డయలు ఒకరు, ముళ్ళు ఒకరు, పైడొప్ప మరొకరు చేసేవారు. డానియల్స్ దాదాపు అన్ని పనులూ తానే నేర్చుకుని 1969లో తన మొదటి గడియారాన్ని తయారు చేశాడు. 1974లో, మీట దగ్గర రాపిడి బాగా తగ్గే కొత్త ఏర్పాటు కనిపెట్టాడు. దానిని పట్టుకుని స్విట్జర్లాండు కంపెనీల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగాడు. చివరకు 1999లో ఒమేగా కంపెనీ ఆ ఏర్పాటుతో గడియారాలు అమ్మకానికి పెట్టింది. పాతికేళ్ళ ఓపిక ఫలించింది!

ఇక రెండోవాడు రోజర్ స్మిత్. 1970లో పుట్టాడు. 16వ ఏట మాంచెస్టరులోని గడియారాల బడిలో చేరాడు. ఒకసారి డానియల్స్ ఆ బడికి వచ్చి, తాను చేసిన జేబు గడియారం చూపించాడు. దానితో స్మిత్ మనసు ఆ పని మీద నిలిచిపోయింది. డానియల్స్ 1981లో రాసిన పుస్తకం ముందు పెట్టుకుని, సుమారు ఏడాదిన్నర కష్టపడి సొంతంగా ఒక జేబు గడియారం చేశాడు. ఐల్ ఆఫ్ మాన్ అనే దీవిలో ఉంటున్న డానియల్స్ దగ్గరకు ఎంతో ఆశతో తీసుకువెళ్ళాడు.

ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇది చేత్తో చేసినట్టు కనబడుతున్నదనీ, మంచి గడియారం మీద చేసిన చెయ్యి జాడ కనబడరాదనీ చెప్పాడు!

మరొకడైతే ఆ గడియారం విసిరికొట్టేవాడే. స్మిత్ ఇంటికి వెళ్ళి మరొకటి మొదలుపెట్టాడు. చేసిన భాగాన్నే, బాగా లేదని తోస్తే పక్కన పెట్టి మళ్ళీ చేశాడు. అలా 5 ఏళ్ళకు పైగా గడిచాయి. 1998లో ఆ రెండో గడియారం తీసుకుని వెళ్ళాడు. ఈ భాగం ఎవరు చేశారు, ఆ భాగం ఎవరు చేశారు అని డానియల్స్ ఒక్కొక్కటే అడిగాడు. అన్నిటికీ “నేనే” అన్నదే స్మిత్ జవాబు. అప్పుడు పెద్దాయన అభినందించి, ఇప్పుడు నువ్వు గడియారాలు చేసేవాడివయ్యావని ఒప్పుకున్నాడు. తన పనిలో చేర్చుకున్నాడు కూడా.

డానియల్స్ 2011లో కన్నుమూశాడు. స్మిత్ ఆ దీవిలోనే పనిశాల పెట్టుకుని, గురువు చూపిన దారినే గడియారాలు చేస్తూ వచ్చాడు.

పిల్లలూ! సరదా మనకు దారి చూపిస్తుంది. ఆ దారిన నడిపించేది మాత్రం ఓపికే. ఈసారి పాడైన గడియారం దొరికితే, పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకునే విప్పండి. బిగుసుకుని ఉన్న స్ప్రింగు ఎగిరి తగలవచ్చు, జాగ్రత్త! తీసిన ప్రతి భాగానికీ కాగితం మీద బొమ్మ గీసి, వరుస అంకె వెయ్యండి. తిరిగి బిగించేటప్పుడు ఆ అంకెలు వెనుక నుంచి చూసుకుంటూ రండి. ఒక్క స్క్రూ కూడా మిగలకపోతే, మీరు మొదటి పాఠం నేర్చుకున్నట్టే.