గడ్డి కప్పు... ఆరొందల ఏళ్ళ ఇల్లు!

పూరిల్లంటే నాలుగు వానాకాలాల ముచ్చటే అనుకుంటాం. ఇంగ్లండు పల్లెల్లో మాత్రం కలప చట్రం మీద గడ్డి కప్పిన ఇళ్ళు కొన్ని అయిదారు వందల ఏళ్ళుగా నిలిచే ఉన్నాయి. వాటి విశేషాలివి.

పది పౌన్ల ఇల్లు: ససెక్స్‌లోని ఆల్ఫ్రిస్టన్ క్లర్జీ హౌస్ 14వ శతాబ్దపు పూరిల్లు. చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ మొట్టమొదట కొన్న భవనం ఇదే. 1896లో దాని ధర 10 పౌన్లు! లోపల నేలను సుద్ద దిమ్మిస చేసి, పులిసిన పాలతో గట్టిపరిచారు.

షేక్‌స్పియర్ అత్తవారిల్లు: ఆయన భార్య ఆన్ హాతవే పుట్టింట్లో పాత భాగం 1463 నాటిది. ఊరు షాటరీ. 1969లో నిప్పంటుకుని దెబ్బతింటే బాగుచేసి నిలబెట్టారు.

వంకర చెట్టే వరం: వంపు తిరిగిన మానును నిలువునా చీలిస్తే ఒకే వంపున్న రెండు బద్దలొస్తాయి. వాటిని ఎదురెదురుగా నిలిపి పైన కలిపితే కప్పు బరువు నేరుగా నేలకు దిగుతుంది. గోడ మోయాల్సింది లేదు. ఈ పద్ధతిలో బ్రిటన్‌లోకెల్లా పెద్దది ఊస్టర్‌షైర్‌లోని లీ కోర్ట్ కొట్టం. దాని కప్పు మాత్రం పెంకులది.

పచ్చి కలపే ముద్దు: ఓక్ మానును పచ్చిగా ఉండగానే చెక్కేవారు. ఎండేకొద్దీ అతుకులు బిగుస్తాయి. ఇనుప మేకులకు బదులు కొయ్య చీలలు దిగ్గొట్టేవారు. ఏ దూలం ఎక్కడ కూర్చోవాలో తెలిసేలా వడ్రంగులు అంకెల గుర్తులు చెక్కేవారు. మధ్య ఖాళీల్లో తడికలు అల్లి, మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తేవారు.

మసిలో దాగిన పైరు: అప్పట్లో పొగగొట్టాల్లేవు. నడింట్లో రాజేసిన పొయ్యి పొగ గడ్డిలోంచే పోయేది. పాత కప్పు మీదే కొత్త గడ్డి వేస్తూ రావడంతో, డెవాన్‌లాంటి చోట్ల అడుగున మసిబట్టిన మధ్యయుగపు గోధుమ కంకులు ఈనాటికీ దొరుకుతున్నాయి.

లండన్‌లో నిప్పు భయం: 1613 జూన్ 29న నాటకంలో పేల్చిన ఫిరంగి రవ్వ పడి గ్లోబ్ థియేటర్ గడ్డి కప్పు తగలబడింది. 1666లో నగరాన్ని కాల్చిన పెద్ద అగ్నిప్రమాదం తరవాత లండన్‌లో గడ్డి కప్పుకు అనుమతి దొరికింది 1997లో తెరిచిన కొత్త గ్లోబ్‌కే.

ఆయువు గుట్టు: కప్పుకు బాగా వాలు ఇస్తారు, చూరును గోడకు బాగా బయటికి దించుతారు. వాననీరు కలపను తాకదు. రెల్లు దశాబ్దాల తరబడి ఆగుతుంది, కొప్పును మాత్రం పది పదిహేనేళ్ళకోసారి మార్చాలి. గడ్డి మారుతూ ఉంటేనే కలప బతుకుతుంది.