పెద్దమనిషి అయింది, కానీ ఇంకా పెద్దది కాలేదు

"సిస్టరమ్మా, పిల్ల పెద్దమనిషి అయింది. ఇంక మా బాధ్యత తీర్చుకోవాల గదా?"

ఆదోని పత్తి మార్కెట్టులో కూలికి పోయే తల్లులు, ఎమ్మిగనూరు మగ్గాల ఇండ్ల తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఇది. మా జవాబు ఒక్కటే: పిల్ల ఎదగడం మొదలైంది, పూర్తి కాలేదు.

10 నుండి 19 సంవత్సరాల వయస్సును ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారదశ అంటుంది. మొదటి ముట్టు సాధారణంగా 12, 13 ఏళ్ళకు వస్తుంది. ఆ తరువాత కూడా ఎత్తు పెరుగుతుంది, కటి ఎముకలు ఎదుగుతూనే ఉంటాయి. ఈలోపు గర్భం వస్తే రక్తహీనత, గుర్రపువాతం, తక్కువ బరువు బిడ్డ వంటి ప్రమాదాలు ఎక్కువ. కాన్పుల గదిలో పదహారేళ్ళ పిల్ల భయంతో మా చేయి పట్టుకున్నప్పుడు, "వీళ్ళమ్మకు ముందే గట్టిగా చెప్పి ఉంటే" అని మేము బాధపడిన రోజులున్నాయి.

మగపిల్లలూ అంతే. గొంతు మారి, మీసం వచ్చినంత మాత్రాన పెద్దవారు కారు. కోపం, తొందర ముందుగా వస్తాయి. ఆలోచించి ఆగే శక్తినిచ్చే మెదడు భాగం దాదాపు 25 ఏళ్ళ దాకా ఎదుగుతుంది. కొట్టడం కన్నా పక్కన కూర్చోబెట్టుకొని మాట్లాడటం మేలు. మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయేటప్పుడు బడి మాన్పించి వెంట తీసుకుపోకండి.

తల్లిదండ్రులు చేయవలసినవి:

- రాగిముద్ద, జొన్నరొట్టె, పుంటికూర, పప్పు, గుడ్డు, శనక్కాయలు ఆడపిల్లకు కూడా కడుపునిండా పెట్టండి. ఆకుకూరలో నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది.
- ఆడపిల్లకు రక్తం 12 గ్రాములకు తగ్గకూడదు. బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్రను అన్నం తిన్నాక మింగించండి.
- ముట్టు గురించి తల్లే ముందుగా చెప్పాలి.
- 18 ఏళ్ళు నిండక ముందు ఆడపిల్లకు పెండ్లి చేయడం చట్టరీత్యా నేరం. ఎక్కడైనా జరుగుతుంటే 1098కి ఫోన్ చేయండి.

చదువు ఆగకపోతే ఏమవుతుందో మన ప్రాంతమే చూపించింది. ఆదోని మండలంలో ఒక బాలికకు పదవ తరగతి కాగానే పెండ్లి చేయాలనుకున్నారు. ఆమె ధైర్యంగా సహాయం అడిగింది. అధికారులు పెండ్లి ఆపించి, ఆస్పరి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో చేర్పించారు. 2024లో ఇంటర్ మొదటి సంవత్సరంలో 440కి 421 మార్కులు తెచ్చుకొంది.

తల్లిదండ్రులారా, పూత చూసి కాయ కోయము గదా! మీ బిడ్డకు ఇంకొన్ని ఏండ్లు ఇవ్వండి.